ఒంటరి బండికి ఇంటి దగ్గరో మనిషి

2022 జూలైలో గోదావరి వచ్చిన తీరు మన జిల్లాల్లో ఎవరూ మరిచిపోయి ఉండరు. ఏటా ఆగస్టులో వస్తుందని కాచుకుని ఉండే వరద ఆ ఏడు ముందే ముంచుకొచ్చింది. భద్రాచలం దగ్గర నీటిమట్టం 71 అడుగులు దాటింది. ధవళేశ్వరం బ్యారేజీ నుంచి పాతిక లక్షల క్యూసెక్కులకు పైగా కిందికి వదిలారు. కింద కోనసీమ లంకలు మునిగాయి. పైన చింతూరు, కూనవరం, వి.ఆర్.పురం, ఎటపాక మండలాల్లో ఊళ్లకు ఊళ్లే నీళ్లలో ఉండిపోయాయి. ఆ రోజుల్లో రాజమండ్రి నుంచి, కాకినాడ నుంచి, భీమవరం, తణుకు వైపు నుంచి బియ్యం, కందిపప్పు, దుప్పట్లు, పాలపొడి డబ్బాలు వేసుకుని బండ్లు ఏజెన్సీకి బయల్దేరాయి. సంఘాలు పంపినవి కొన్ని. ఎవరూ పంపకుండానే, కారు డిక్కీలో పట్టినంత సరుకు సర్దుకుని, తనే స్టీరింగ్ పట్టి ఒక్కడే వెళ్లినవాళ్లు కూడా ఉన్నారు. వాళ్లంటే నాకు ఎంతో గౌరవం. ఈ పూట నా మాటలు ముఖ్యంగా వాళ్లకోసమే.

సాయానికి వెళ్లే బండి దారిలో ఆగిపోతే నష్టం ఆ ఒక్క మనిషికే కాదు. సరుకు చేరదు. పైగా అక్కడ పడవ నడపాల్సిన కుర్రాళ్లు, జ్వరమొచ్చినవాళ్లను ఆసుపత్రికి చేర్చాల్సిన ట్రాక్టరు ఈ బండిని లాగడానికి రావాలి. 1996 నవంబరు 6 రాత్రి తుపాను కోనసీమను ఊడ్చిపెట్టిన తరవాత ఈ సంగతి మనవాళ్లు కళ్లారా చూశారు. కాలవగట్ల మీద ఇరుకు రోడ్లు, అడ్డంగా పడిన కొబ్బరిచెట్లు. అలాంటి చోట ఒక్క లారీ చక్రం మెత్తని గట్టులో దిగబడితే వెనక వచ్చే బండ్లన్నిటికీ దారి మూసుకుపోయినట్టే. అందుకే బండి కండిషను చూసుకోవడం కూడా సాయంలో భాగమే అంటాను.

రాజమండ్రి నుంచి చింతూరు దారి మీలో చాలామందికి తెలుసు. రంపచోడవరం దాకా ఫరవాలేదు. మారేడుమిల్లి దాటాక ఘాట్ మొదలవుతుంది. ఒక పక్క కొండ, ఒక పక్క లోయ, మధ్యలో వెదురు పొదలు, మలుపు మీద మలుపు. చాలాచోట్ల ఫోనుకు సిగ్నల్ ఉండదు. వానాకాలం సాయంత్రమైతే చాలాసేపు ఎదురు బండి కూడా కనపడదు.

ఆ వరద తీశాక సరుకు తీసుకుని నేనూ ఆ దారిన వెళ్లాను. వ్యానులో బియ్యం బస్తాలు, దుప్పట్ల మూటలు. పక్క సీట్లో ఎవరూ లేరు. రెండో గేరులో మలుపులెక్కుతుంటే టెంపరేచర్ ముల్లు ఎర్రగీత వైపు జరగడం మొదలుపెట్టింది. ఏసీ కట్టేసి, హీటర్ పూర్తిగా తిప్పాను. ఇంజను వేడి కొంత హీటర్ గుండా లోపలికి వచ్చేస్తుంది. మనకు చెమటలు పడతాయి గానీ ఇంజనుకు కాస్త ఊపిరి దొరుకుతుంది. అలా వెడల్పైన చోటు దాకా నెట్టుకొచ్చి పక్కకు తీసేసరికి బానెట్ సందుల్లోంచి ఆవిరి. ఇంజను ఆపి, చక్రాల కింద రాళ్లు పెట్టి, బానెట్ ఎత్తాను. రేడియేటర్ మూత మాత్రం ముట్టుకోలేదు. వేడి మీద ఆ మూత తిప్పితే మరిగే నీళ్లు ముఖం మీదికి చిమ్ముతాయి. గుడ్డ కప్పి తిప్పినా అంతే. ఆగాలి. మూత మీద అరచెయ్యి ఆనించి ఉంచగలిగేంత చల్లబడేదాకా ఆగాలి. బండి ఆగినప్పుడు మనిషికి అన్నిటికంటే కష్టమైన పని అదే.

చల్లారాక చూస్తే రేడియేటర్ పై హోస్, క్లిప్పు బిగించిన అంచు దగ్గర గోరంత చీలింది. మిగతా గొట్టం గట్టిగానే ఉంది. క్లిప్పు వదులు చేసి, గొట్టం ఊడదీసి, చీలిన కొసను రెండు వేళ్ల మేర చాకుతో కోసేశాను. మిగిలింది లాగి మళ్లీ ఎక్కించి స్క్రూడ్రైవరుతో బిగించాను. గొట్టాలకు అంతపాటి వదులు సాధారణంగా ఉంటుంది. ఇక కావలసింది నీళ్లు. నా దగ్గరున్న క్యాను సరిపోలేదు.

అప్పుడే కొండ మీంచి ఒక పెద్దాయన దిగొచ్చాడు. కొండరెడ్డి తెగవాడు. భుజాన ఆనప బుర్ర, చేతిలో కత్తి. "ఏం బాబూ, బండి అలిసిందా?" అన్నాడు. సంగతి చెప్పాను. కింద వాగుందని చూపించి, నాతోపాటే దిగి, ఆయన బుర్రతో, నేను క్యానుతో నీళ్లు మోసుకొచ్చాం. ఎండిన ఆనపకాయలో నీళ్లు ఎంత చల్లగా ఉంటాయో ఆ రోజే తెలిసింది. రేడియేటరు నిండి, ఇంజను స్టార్టయి, ముల్లు మధ్యలో నిలబడేదాకా ఆయన కదల్లేదు. వెళ్లబోతుంటే అడిగాడు: "ఒక్కడివే వచ్చావు. ఇంట్లో ఎరికేనా?"

అది చాలా పెద్ద ప్రశ్న. దాని దగ్గరికి మళ్లీ వస్తాను.

మన ఏజెన్సీలో బండి ఆగితే కిందో వాగుంటుంది, ఎక్కడినుంచో ఒక మనిషి వస్తాడు. ఎడారిలో ఈ రెండూ ఉండవు. అందుకే ఒంటరిగా బండి ఆగిపోతే ఏం చేయాలన్న విద్యను ఎడారి ప్రయాణికులే బాగా సాధన చేశారు. వాళ్ల నుంచి మనం నేర్చుకోవలసింది ఎంతో ఉంది.

బ్రిటిష్ సైన్యంలో రాల్ఫ్ బాగ్నోల్డ్ అని ఒక ఇంజనీరు అధికారి ఉండేవాడు. 1920, 30 దశకాల్లో ఆయన స్నేహితులతో కలిసి మామూలు ఫోర్డ్ కార్లలో ఈజిప్టు, లిబియాల మధ్య ఇసుక సముద్రం మీద తిరిగాడు. రోడ్డు లేదు, పెట్రోలు బంకు లేదు, రేడియేటరుకు పొయ్యడానికి చెంబెడు నీళ్లు దొరకవు. ఆ ఎండకు రేడియేటరు మరిగి ఆవిరంతా గాలిలో కలిసిపోతే రెండో రోజుకే మనిషి తాగే నీళ్లు బండి తాగేస్తుంది. ఆయన ఏం చేశాడంటే, రేడియేటరు మూతను గట్టిగా బిగించేసి, ఆవిరి పోయే గొట్టాన్ని బండి పక్కన కట్టిన ఒక నీళ్ల డబ్బాలోకి దింపాడు. మరిగిన ఆవిరి డబ్బాలోని చన్నీళ్లలో కలిసి నీరైపోతుంది. ఇంజను చల్లబడగానే రేడియేటరు ఆ నీళ్లను తనే వెనక్కి లాక్కుంటుంది. ఒక్క బొట్టు వృథా కాదు. ఈ రోజు మన కార్లలో బానెట్ ఎత్తగానే కనపడే ప్లాస్టిక్ కూలెంట్ డబ్బా చేసే పని కూడా ఇలాంటిదే. వారానికోసారి దాని గీత చూసే అలవాటు ఎందరికుందో మీకే తెలుసు.

ఇసుకలో చక్రం దిగబడితే కింద వేయడానికి ఆయన కైరోలో పాత సామాన్ల కొట్లో ఇనప రేకుల తొట్లు కొన్నాడు. ఆ ఉపాయం మనకు కొత్తేమీ కాదు. ఎండాకాలం లంకల్లోకి దిగిన ట్రాక్టరు ఇసుకలో కూరుకుపోతే మనవాళ్లు కొబ్బరిమట్టలు నరికి చక్రాల కింద అడ్డంగా పరుస్తారు. మే నెల మధ్యాహ్నం ఆ తెల్లటి మేటల మీద చెప్పుల్లేకుండా నాలుగడుగులు వేసినవాళ్లకు ఎడారి ఎలా ఉంటుందో వేరే చెప్పనక్కర్లేదు. ఇసుకలో చక్రం తిరుగుతున్నా బండి కదలకపోతే యాక్సిలరేటర్ తొక్కడం ఆపాలి. తొక్కేకొద్దీ చక్రం తన గోతిని తనే తవ్వుకుంటుంది. దిగి, టైర్ల ముందు ఇసుక చేత్తో తీసి, గాలి తగ్గించాలి. ముప్ఫై పైన ఉండే గాలిని పద్దెనిమిది, ఇరవైకి దించితే టైరు పరుచుకుని ఇసుక మీద తేలుతుంది. తారురోడ్డు ఎక్కగానే మళ్లీ గాలి పట్టాలి, లేకపోతే టైరు వేడెక్కి పగులుతుంది. అందుకని చిన్న గాలిపంపు బండిలో ఉండాలి. జాకీ కింద వేయడానికి అడుగు పొడవు, అడుగు వెడల్పు మందపాటి చెక్క ఒకటి ఉండాలి. చెక్క లేని జాకీ ఇసుకలోనైనా వానకు నానిన రోడ్డు పక్కనైనా కిందికే పోతుంది, బండి పైకి లేవదు.

నీళ్ల సంగతి గట్టిగా చెప్పాలి. బండికి పోసే నీళ్లు వేరు, మనిషి తాగే నీళ్లు వేరు. రెండు క్యాన్లకూ రెండు రంగుల గుడ్డలు కట్టండి. ఎంత దాహమైనా రేడియేటరులో నీళ్లు తాగకూడదు. అందులో కలిపే కూలెంట్ విషం. కిడ్నీలను పాడుచేసి ప్రాణం తీస్తుంది, తియ్యగా ఉంటుంది కాబట్టి మరీ ప్రమాదం. ఎండలో పనిచేసే మనిషికి గంటకు లీటరు దాకా చెమట పోతుంది. అందుకే ఎండ ఎక్కువున్న వేళ రిపేరు పెట్టుకోకూడదు. బండి నీడనో చెట్టు నీడనో కూర్చుని, ఎండ వాలాక పని మొదలుపెట్టాలి. నీళ్లు పొదుపు చేద్దామని నోరు ఎండగట్టుకుని, క్యానులో నీళ్లుండగానే వడదెబ్బకు పడిపోయినవాళ్లున్నారు. దాహమైనప్పుడు తాగండి. పొదుపు చెయ్యవలసింది చెమటని.

మన రెండు గోదావరి జిల్లాల నుంచి గల్ఫ్ వెళ్లినవాళ్లు లేని ఊరు తక్కువ. కువైట్‌లో ఇళ్లలో డ్రైవర్లుగా, మస్కట్‌లో, సౌదీలో ట్యాంకర్లు, పికప్‌లు నడిపేవాళ్లుగా మన పిల్లలున్నారు. 2016 జూలై 21న కువైట్‌లోని మిట్రిబాలో 53.9 డిగ్రీల ఎండ నమోదైంది. భూమ్మీద ఇంతవరకూ నమ్మకంగా కొలిచిన అతి ఎక్కువ ఉష్ణోగ్రతల్లో అదొకటి. అలాంటి చోట ఏసీ బండి ఆగిపోతే లోపల కూర్చోవడమూ కుదరదు, బయట నిలబడడమూ కుదరదు.

2024 ఆగస్టులో సౌదీలో జరిగిన సంగతి పత్రికల్లో చదివి చాలా రోజులు మనసు బాగోలేదు. కరీంనగర్‌కు చెందిన ఇరవై ఏడేళ్ల యువకుడు, ఒక సూడాన్ సహోద్యోగితో కలిసి రబ్-అల్-ఖాలీ ఎడారిలో పని మీద వెళ్లాడు. ఆరున్నర లక్షల చదరపు కిలోమీటర్ల ఇసుక అది. మన ఆంధ్ర, తెలంగాణ రాష్ట్రాలు కలిపి రెండింతలు చేసినా దానికంటే తక్కువే. జీపీఎస్ పనిచెయ్యలేదు. దారి తప్పారు. బండిలో ఇంధనం అయిపోయింది. ఫోను చార్జింగూ అయిపోయింది. నాలుగు రోజుల తరవాత ఇద్దరి దేహాలూ బండి దగ్గరే ఇసుకలో దొరికాయి.

దీన్ని చదివినప్పుడు నాకు తోచింది ఇది. బండి ఆగిపోతే బండిని వదిలి పోవద్దని ఎడారి తెలిసినవాళ్లంతా చెబుతారు. మంచి సలహానే. నడిచిపోయే మనిషికంటే ఆగి ఉన్న బండి దూరానికి కనపడుతుంది, నీడ ఇస్తుంది, బానెట్ ఎత్తి ఉంటే ఆపదలో ఉన్నారని ఎవరికైనా అర్థమవుతుంది. మరి ఆ ఇద్దరూ బండి దగ్గరే దొరికారు కదా. వెతికేవాళ్లు సమయానికి రావాలంటే, సమయం దాటిపోయిందని, ఎక్కడ వెతకాలో కూడా ఎవరికో ఒకరికి తెలియాలి. దారి తప్పిన చోటును ఊహించి వెతకడంలోనే రోజులు గడిచిపోతాయి.

అందుకే కొండరెడ్డి పెద్దాయన అడిగిన ప్రశ్న నాకు పెద్దదిగా తోచింది. ఒంటరి ప్రయాణం అంటే బండిలో ఒక్కడే ఉండడం. బండి బయట మాత్రం ఇంకొక మనిషి ఉండి తీరాలి. అమ్మయినా, భార్యయినా, పక్కింటి మాస్టారైనా సరే. బయల్దేరే ముందు ఆ మనిషి చేతిలో ఒక కాగితం పెట్టండి. ఏ దారిన వెళ్తున్నాను, ఎక్కడెక్కడ ఆగుతాను, ఎన్నింటికి ఫోను చేస్తాను. అన్నిటికంటే ముఖ్యం చివరి గీత: ఈ వేళలోగా నా దగ్గర్నుంచి కబురు రాకపోతే ఎవరికి ఫోను చెయ్యాలి. చింతూరు వెళ్తుంటే చింతూరు పోలీస్ స్టేషన్ నంబరు, అక్కడ సరుకు తీసుకోబోయే మనిషి నంబరు, రంపచోడవరంలో తెలిసినవాళ్లుంటే వాళ్ల నంబరు. ఆ కాగితం ఇచ్చాక దారి మార్చకండి. మార్చాల్సి వస్తే, సిగ్నల్ ఉన్న ఆఖరి చోట ఆగి చెప్పి మరీ మార్చండి. మారేడుమిల్లిలో ఆగి టీ తాగే అలవాటు మీకుంటే ఫోను చెయ్యడానికి అదే చోటు. కాల్ కలవని చోట కూడా ఒక్కోసారి మెసేజి వెళ్తుంది. అత్యవసర నంబరు 112కి మన సిమ్ టవరు లేకపోయినా వేరే కంపెనీ టవరు అందితే కాల్ కలుస్తుంది.

విశాఖపట్నం నుంచి భరద్వాజ్ దయాల అనే ఆయన 2006లో హీరో హోండా కరిజ్మా బండి మీద ఒక్కరే బయల్దేరి, ఏడాదిన్నరలో దాదాపు 47 వేల కిలోమీటర్లు తిరిగి ప్రపంచాన్ని చుట్టి వచ్చారు. మనవాడొకడు మన దేశంలో తయారైన బండి మీద ఇరాన్ లాంటి దేశాల మీదుగా ఒక్కడే పోయి తిరిగొచ్చాడంటే ఒంటరి ప్రయాణం అసాధ్యం కాదని తేలిపోయింది. నేను వద్దనడం లేదు. తయారై వెళ్లమంటున్నాను.

బండిని తయారు చేయడమంటే సర్వీసు సెంటరులో కడిగించడం కాదు. తెలిసిన మెకానిక్ గారి షెడ్డుకు రెండు రోజుల ముందు తీసుకెళ్లి, "లోడుతో ఘాట్ ఎక్కాలి, ఒక్కణ్నే" అని చెప్పండి. ఆ ఒక్క మాటతో ఆయన చూసే పద్ధతే మారిపోతుంది. హోసులు నొక్కి చూస్తారు, బెల్టు తిప్పి లోపలి వైపు పగుళ్లు చూస్తారు, బ్యాటరీ టెర్మినళ్ల మీద పేరుకున్న తెల్లపొడి గీకేస్తారు. పాత బెల్టు ఇంకా పనికొస్తుందన్నా సరే కొత్తది వేయించి, పాతది డిక్కీలో పెట్టుకోండి. నా మటుకు నాకు ఆ పాత బెల్టు, రెండు హోస్ క్లిప్పులు, ఇన్సులేషన్ టేపు, ఫ్యూజులు, ట్యూబ్‌లెస్ పంక్చరు కిట్టు, మెత్తని ఇనప తీగ ఉంటే ధైర్యంగా ఉంటుంది. స్టెప్నీలో గాలి చూడండి. పంక్చరైన రోజునే స్టెప్నీలో గాలి లేదని తెలియడం మన దేశమంతటా ఉన్న జబ్బు.

2020 తరవాత వచ్చిన కొన్ని డీజిల్ బండ్లలో యాడ్‌బ్లూ అనే ద్రవం ప్రత్యేకంగా ఒక చిన్న ట్యాంకులో ఉంటుంది. అది పూర్తిగా అయిపోతే, బండి ఒకసారి ఆపాక మళ్లీ స్టార్ట్ కాదు. డీజిల్ నిండుగా ఉన్నా కాదు. అడవిలో అది దొరకదు కాబట్టి బయల్దేరేముందే ఆ మీటరూ చూసుకోవాలి. కొత్త బండ్లలో సెన్సర్లు ఎక్కువ, రోడ్డు పక్కన మనం చెయ్యగలిగింది తక్కువ. అలాంటి బండికి ఎర్ర దీపం వెలిగితే ముందుకు పోకుండా సిగ్నల్ ఉన్న చోటికి వెనక్కి తిప్పడమే మంచిది.

మన ప్రాంతానికి ప్రత్యేకమైనది ఇంకొకటుంది. ఎడారిలో నీళ్లు లేక చస్తారు, వరదలో నీళ్లుండి చస్తారు. కల్వర్టు మీంచి పారే నీళ్లు మోకాలు దాకా కూడా లేవు కదా అని దింపకండి. అడుగు లోతున పారే నీళ్లు చాలు, చిన్న కారును పక్కకు తోసేయడానికి. నీళ్లలో ఇంజను ఆగిపోతే మళ్లీ కీ తిప్పకండి. సిలిండర్లోకి నీళ్లు వెళ్లి ఉంటే కనెక్టింగ్ రాడ్లు వంగిపోతాయి, తోసి గట్టెక్కిస్తే బాగయ్యే ఇంజను కాస్తా మొత్తం విప్పాల్సి వస్తుంది. కారును వదిలి ముందు మీరు బయటికి రండి. సరుకు గురించి ఆలోచించకండి. బియ్యం మళ్లీ కొనుక్కోవచ్చు.

మళ్లీ వరద వచ్చిన రోజు మీలో ఎవరో ఒకరు తప్పకుండా బయల్దేరతారు. అవతల ఒడ్డున సరుకు కోసం చూసేవాళ్లున్నారు కాబట్టి వెళ్లండి. వెళ్లేముందు ఒక్క పని మాత్రం చెయ్యండి. ఒక కాగితం తీసుకుని దారి, వేళలు, ఫోను నంబర్లు రాసి, ఇంట్లో ఫ్రిజ్ తలుపుకో దేవుడి పటం పక్కనో అంటించి, అది అక్కడుందని ఇంట్లోవాళ్లకు చూపించి అప్పుడు గేరు వెయ్యండి.